మా మేనల్లుడి జోస్యం

హైఫా,
10 సెప్టెంబరు 1993

అత్తయ్యా,

మీ రెండు చేతులూ కళ్లకద్దుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర్లు పోతే ఏమీ అనుకోకండి, ఈ ఉత్తరం నుంచునే రాస్తున్నాను. నిన్నటి నుంచి మా పత్రికాఫీసులో కుర్చీలో కుదురుగా కూర్చున్నవాడు లేడు. ఎడిటర్ బల్ల మీద రేడియో ఉంది. దాని చుట్టూ మేం ఆరుగురం కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నాం.

ఇన్నేళ్లుగా మన నాయకుల పేరు పలకడమే నేరమన్న ప్రభుత్వం నిన్న మనవాళ్లని గుర్తించింది. మనవాళ్లూ వాళ్లని గుర్తించారు. అది కూడా ఎలాగనుకున్నారు, ఉత్తరాలు రాసుకుని. మీరూ నేనూ రాసుకుంటున్నట్టే. సోమవారం అమెరికాలో సంతకాలు.

మా ఆఫీసు కింద మంగలి కొట్టు మెనాషే మీకు గుర్తుండాలి. బాగ్దాదులో పుట్టిన యూదు, మనకన్నా తియ్యగా అరబ్బీ మాట్లాడతాడు. నిన్న నేను మెట్లు దిగుతూ అరుస్తుంటే కత్తెర ఆపి, "సుహైల్, పెళ్లిచూపులకే బాజాలు పెట్టించకు" అన్నాడు. పెట్టించేశాను అత్తయ్యా. ఈ ఉత్తరంతో పాటు ఈ వారం 'తీరం' సంచిక పంపుతున్నాను, నాలుగో పేజీ చూడండి. 'ఐదేళ్లు చాలు' అని రాశాను. ఐదేళ్లలో రెండు దేశాలు, నడుమ ఒక మామూలు సరిహద్దు, అక్కడ కునికిపాట్లు పడే ఒక గుమాస్తా. చివర్లో మన అనీస్ సంగతి కూడా రాశాను. వచ్చే ఈస్టర్‌కి మా అత్త కొడుకు జైల్లోంచి వచ్చి ఇంట్లో భోజనానికి కూర్చుంటాడని.

మీ ఊరు పన్నులు కట్టనని సమ్మె చేసిన నాడు మీ ఇంటి ఫోను తీగ కోశారు. నేను రాసిన ఏదో వ్యాసానికి నన్ను హైఫా దాటొద్దని ఉత్తర్వు ఇచ్చి, ఆర్నెల్లకోసారి పొడిగిస్తున్నారు. మనం రెండున్నర గంటల దూరంలో ఉండి ఖండాంతరాల్లో ఉన్నట్టు ఉత్తరాలు రాసుకుంటున్నాం. ఇవన్నీ పోతాయి. మీరు చూస్తారు.

మీ
సుహైల్


బేత్ సాహూర్,
19 సెప్టెంబరు 1993

ఒరేయ్ సుహైల్,

నీ ఉత్తరం అందింది. నీ పత్రికా అందింది. నువ్వు నా కొడుకుని నాలుగో పేజీలో విడుదల చేశావు. ఆ సంచిక జైలువాళ్లకి ఇంకా చేరినట్టు లేదు. మొన్న రెడ్‌క్రాస్ బస్సులో ఐదు గంటలు ఎడారిలో పోయి చూస్తే, వాడు తీగల అవతలే ఉన్నాడు.

సోమవారం ఇక్కడ ఏం జరిగిందో చెబుతాను. నిన్నటిదాకా ఏ జెండా ఎగరేస్తే కుర్రాళ్లని చితకబాదేవాళ్లో ఆ జెండా చర్చి మీద, బేకరీ మీద, చివరికి గాడిద మెడలో కూడా ఉంది. మా పక్కింటి ఉమ్ జిర్యస్ డెబ్భై ఏళ్ల మోకాళ్లతో వీధిలో నాట్యమాడింది. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధం ఎందుకు. మర్నాడు పొద్దున్నే కళ్ల డాక్టరు దగ్గరికని జెరూసలేం బయల్దేరాను. సిపాయి ఆపాడు. "నిన్నటి సంగతి తెలీదా నాయనా?" అన్నాను. "తెలుసమ్మా, టీవీలో చూశాను. పర్మిట్ ఏదీ?" అన్నాడు. కళ్లు అలాగే వేసుకుని తిరిగొచ్చాను.

వచ్చి ఆ ఒప్పందం మూడుసార్లు చదివాను. జెరూసలేం సంగతి తర్వాత చూస్తారట. శరణార్థుల సంగతి తర్వాతట. హద్దులు తర్వాతట. ముప్పై ఒక్కేళ్లు ఆడపిల్లలకి భూగోళం చెప్పినదాన్నిరా. హద్దులు తర్వాత గీస్తానండీ అని ఎవతైనా మ్యాపు తెస్తే సున్నా చుట్టి పంపేదాన్ని.

నీకు జవాబు రాశాను. ఇంట్లో కాదు, నువ్వు నా కొడుకు పేరు పదిమందిలో పెట్టావు కాబట్టి జవాబూ పదిమందిలోనే. పేరు 'మా మేనల్లుడి జోస్యం'. నాలుగో పేజీలోనే వెయ్యాలి. ఒక్క అక్షరం పోకూడదు. నీకు అక్షరాలు నేర్పిందే నేను, పోతే నాకు తెలుస్తుంది.

మా కోడలు ముంతహాకి, పిల్లలకి ముద్దులు. నీకు లేవు.

నీ మేనత్త
నజీహా


హైఫా,
4 అక్టోబరు 1993

అత్తయ్యా,

హైఫాలో మీరిప్పుడు నాకన్నా పేరున్న మనిషి.

మీ వ్యాసం శుక్రవారం వచ్చింది. శనివారం మధ్యాహ్నానికి పత్రిక ఎక్కడా దొరకలేదు. చేపల బజారుకి వెళ్తే ఒకడు ముల్లెట్ చేప ఎత్తి చూపించి, "జోస్యుడా, ఇది రేపటిదాకా నిలవుంటుందా, చెప్పి పో" అన్నాడు. మెనాషే మీ వ్యాసం కత్తిరించి అద్దానికి అంటించాడు. గడ్డం గీయించుకునే ప్రతివాడూ నురగ మొహంతో చదవాల్సిందే. "ఈవిడ మీ అత్తా? నలభై ఏళ్లుగా నేను నా భాషలో చెబుతున్నదే ఆవిడ తన భాషలో చెప్పింది" అంటున్నాడు. యూదుల్లో మీకు మొదటి శిష్యుడు దొరికాడు, శాంతి రాదని ఇద్దరూ ఒక్కమాట మీదున్నారు. ఇంత ఐకమత్యం ఉంటే శాంతి ఎందుకు రాదో మీరిద్దరూ కలిసి నాకు చెప్పాలి.

ఉత్తరాలు నలభై మూడు వచ్చాయి. ఇరవై ఆరు మీకు, పదిహేను నాకు, రెండు మా ఎడిటర్‌ని తిడుతూ. చోటు చాలక మీ వ్యాసం చివర కొంచెం కుదించారు, అంతే. నేను మళ్లీ జవాబు రాస్తున్నాను, కాచుకోండి.

ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది అత్తయ్యా. 'సముద్రపు గాలి తినేవాళ్లకి ఆశ చవక' అన్నారు. నలభై ఎనిమిది యుద్ధంలో నాన్న హైఫా వదలకుండా ఉండిపోయింది గాలి కోసం కాదు. ఊరంతా పడవలెక్కుతుంటే, తలుపుకి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చున్న మనిషి ఆయన. మీ అన్నగారు. మిగతా ఏమన్నా పడతాను, ఆ మాట మీరు అనకుండా ఉండాల్సింది.

మీ
సుహైల్


బేత్ సాహూర్,
17 అక్టోబరు 1993

సుహైల్,

కొంచెం కుదించారా. పాము తల తీసి తోక మిగిల్చి, కొంచెం కుదించామంటే సరిపోతుందా?

నా చివరి పేరా నీకు మళ్లీ రాస్తున్నాను, చదువు. 'ఆ సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని నేనూ. ఆశ నాకూ ఒకప్పుడు చవగ్గా దొరికేది. ఇప్పుడు దాని ధర నాకు తెలుసు కాబట్టి గట్టిగా బేరమాడుతున్నాను. నా మేనల్లుడి చేతిలో ఓడిపోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. వాడు గెలవాలని నా అంత కోరుకునేవాళ్లు ఈ దేశంలో ఎవరూ లేరు.'

గాలి తినేవాళ్లని నేనన్నది నిన్ను కాదు, మీ నాన్నని అసలే కాదు. నన్ను నేను అనుకున్నానురా. ఆ ముక్క కోసేశారు కాబట్టి మిగతాది నిన్ను కరిచింది.

నిన్ను కరిస్తే మందు రాస్తాను. ఇక్కడేమైందో విను. ఒప్పందం అంటే మండిపడే కుర్రాళ్లు ఇద్దరు వచ్చి, "టీచర్, మీ వ్యాసం కరపత్రంగా వేస్తాం" అన్నారు. జీవితంలో నేను చెప్పిన ఒక్క హోంవర్కు చెయ్యనివాళ్లు. వీల్లేదని పంపించాను. ఉమ్ జిర్యస్ నాలుగు రోజులుగా పలకరించడం లేదు. ఆవిడ నాట్యాన్ని నేను వెక్కిరించానట.

అదీ కాదు నా బాధ. పత్రిక జైలుకి వెళ్లింది. ఖైదీలుండే గుడారంలో పెద్దగా చదివారట. మొన్న వెళ్తే అనీస్ తీగల అవతల నుంచి అడిగాడు, "అమ్మా, నేను రానని నువ్వు అచ్చు వేయించావా?"

చివరి పేరా వాడికి నోటితో చెప్పాను. "నువ్విప్పుడు చెబుతున్నావు" అన్నాడు. ముప్పావు గంట ఇచ్చారు. వాడు మాట్లాడింది పది నిమిషాలు. ఆరేళ్ల శిక్షలో మూడేళ్లు కావస్తున్నాయి, ఇన్నాళ్లలో వాడు నా ముందు మొహం తిప్పుకోవడం ఇదే మొదలు.

ఏం చేస్తావో చెయ్యి.

నజీహా


హైఫా,
26 అక్టోబరు 1993

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి మెట్లెక్కి నేరుగా ఎడిటర్ గదిలోకి వెళ్లాను. విచారిస్తే తేలిందేమిటంటే, ఆఖరి క్షణంలో ఒక సోఫాల ప్రకటన వచ్చింది. దాని కోసం మీ పేరా పోయింది. ప్రూఫు నా ముందు పెట్టినప్పుడు నేను చూసి ఉండాల్సింది. మీకు జవాబు ఆలోచించే హడావిడిలో చూడలేదు. తప్పు నాది.

'అత్త ఆశని కోసి సోఫాలు వేశారా' అని నేనన్న మాట ఆఫీసంతా విన్నారు. ఈ శుక్రవారం మొదటి పేజీలో, చుట్టూ గీత కట్టి, మీ చివరి పేరా అక్షరం పోకుండా వస్తుంది. కింద నా పేరుతో క్షమాపణ. మూడు ప్రతులు అనీస్ లాయరు చేత జైలుకి పంపుతున్నాను. సముద్రపు గాలి గురించి నేను రాసిన మాటలకి కూడా సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్లో ఈ గొడవ ఎంత ముదిరిందంటే, మా వీధి చివరి సభాభవనం వాళ్లు నవంబరు 27న చర్చ పెట్టారు. 'మన జీవితకాలంలో శాంతి వస్తుందా?' వస్తుందని నేను, రాదని మీరు. అరబ్బులూ వస్తారు, యూదులూ వస్తారు. గోడల మీద కాగితాలు అంటించేశారు. మీ పేరు నా పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. పర్మిట్ దరఖాస్తు ఇందులో పెట్టాను, సంతకం చేసి ఇవ్వండి. ఒక్క రోజుకే. ముంతహా అప్పుడే మీకు గది సర్దుతోంది. మీ చేత్తో నాకో దెబ్బ పడితే తప్ప నా మనసు కుదుటపడదు.

సుహైల్


బేత్ సాహూర్,
15 నవంబరు 1993

ఒరేయ్ సుహైల్,

ముందు మంచి వార్త. అనీస్ నవ్వాడు. మొదటి పేజీ చూశాడట. "చుట్టూ గీత కట్టి వేశారేమ్మా, చనిపోయినవాళ్లకి వేసినట్టు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. చర్చ సంగతి చెబితే నాతో అన్నాడు, "బావ ఓడిపోతే బాగుండదు, నువ్వు ఓడిపోయినా బాగుండదు. వాళ్లని మాట్లాడుకోనీ, నువ్వు కాఫీ తాగిరా."

కాఫీ తాగే యోగం లేదు. మూడు రోజులు వరసలో నుంచున్నాను. మొదటి రోజు ఫోటో సైజు తప్పన్నారు. రెండో రోజు కంప్యూటరు పని చెయ్యలేదు. మూడో రోజు గుమాస్తా కాగితం వెనక్కి తోశాడు. కారణం అన్నచోట 'భద్రత' అని ఉంది. "నాకు అరవై ఏడు నాయనా. మోకాలికి పట్టీ ఉంది. నా వల్ల ఎవరికి భయం?" అన్నాను. "ఎందుకెళ్తున్నారు?" అన్నాడు. "మీకూ మాకూ శాంతి రాదని ఉపన్యాసం ఇవ్వడానికి" అన్నాను. వాడు నా మొహం చూసి, "అయితే ఇక్కడి నుంచే నెగ్గారుగా" అన్నాడు. తెలివైనవాడే. కానీ పర్మిట్ ఇవ్వలేదు.

ఉపన్యాసం రాసి పంపుతున్నాను. ఎవరు చదువుతారో నాకు తెలుసు. మీ మెనాషేకి ఇవ్వు. నురగ మొహాలకి నా మాటలు వినిపించినవాడు హాలుకి వినిపించలేడా? షరతులు మూడు. నుంచుని చదవాలి. తనవి కలపకూడదు. చివరి పేరా చదివాకే దిగాలి. సోఫాలున్న హాలైతే ఇంకా జాగ్రత్త.

ఉమ్ జిర్యస్ పలికింది. గంపెడు ద్రాక్షపళ్లు తెచ్చి, "నువ్వు చెప్పింది చివర్లో ఉందటగా, మొదట్లోనే చెప్పొచ్చుగా" అంది.

నజీహా


హైఫా,
29 నవంబరు 1993

అత్తయ్యా,

మీరు గెలిచారు. ఈ ఉత్తరం ఎంత పొడుగైనా సంగతి అదే, ముందే చెప్పేస్తున్నాను.

మూడొందల కుర్చీలు, మనుషులు నాలుగొందల పైన. కిటికీల్లో కూర్చున్నారు. కింద వాడీ పేట నుంచి మనవాళ్లు, కొండ మీది వీధుల నుంచి యూదులు, ఒకళ్ల భుజాలు ఒకళ్లకి తగులుతూ. మెనాషే కొడుకు పెళ్లి నాటి కోటు వేసుకొచ్చాడు. మీ కాగితాలకి గట్టి అట్ట కూడా వేయించాడు.

నేను ముందు మాట్లాడాను. బాగానే మాట్లాడాను, ముంతహాని అడగండి. తర్వాత మెనాషే లేచాడు. 'నేను నజీహా. బేత్ సాహూర్ నుంచి మాట్లాడుతున్నాను, ఎందుకంటే అక్కడి నుంచి కదలనివ్వలేదు' అని మీ మొదటి వాక్యం చదివాడు. నున్నగా గీసిన గడ్డంతో, బాగ్దాదు యాసలో. హాలు గొల్లుమంది. అతను నవ్వలేదు. ఆగాడు, నిశ్శబ్దం అయ్యాక మళ్లీ అదే వాక్యం చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముప్పావు వంతు అయ్యేసరికి వెనక నుంచి ఒకడు హీబ్రూలో, "మంగలీ, నువ్వు ఎవరి వైపు?" అని అరిచాడు.

"చదువుతున్నంతసేపు ఆవిడ వైపు. దిగాక అడుగు" అన్నాడు మెనాషే.

ఇంకొకడు మన భాషలో, "ఆవిడ మాట నీ నోట్లో ఎందుకు?" అన్నాడు.

"ఆవిడ నోరు మీ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది కాబట్టి" అని మెనాషే అంటుంటే, "మా చెక్‌పోస్టా? మీది" అని ముందు వరస నుంచి ఎవరో అన్నారు. అతను తల గోక్కుని, "మాదే. ఏం చెయ్యను, ఆవిడతో ఒప్పుకుంటున్నప్పుడు నేనెవరో మర్చిపోతున్నాను" అన్నాడు. ఇది మాత్రం మీ రెండో షరతు తప్పినట్టే. క్షమించండి.

చివరి పేరా అతను కాగితం చూడకుండా చెప్పాడు. కంఠతా పట్టాడట.

చేతులెత్తించారు. మీకు రెండు వందల పద్నాలుగు, నాకు నూట తొంభై ఆరు. ముంతహా చెయ్యి మీ వైపు లేచింది. ఇంటికొచ్చి అడిగితే, "ఆవిడ వ్యాసంలో కామాలు కూడా సరిగ్గా ఉన్నాయి" అంది. విచిత్రం ఏమిటంటే మెనాషే చెయ్యి నాకు లేచింది. హాలంతా గోల. "మోసం" అన్నారు. అతను మళ్లీ వేదికెక్కి, "ఆవిడ చెప్పిందంతా నిజమని నాకు తెలుసు. ఆవిడే ఓడిపోవాలని అడిగింది. పెద్దావిడ అడిగితే ఇవ్వకుండా ఎలా?" అన్నాడు.

ఆ తర్వాత అందరూ మెట్ల మీదే నుంచుని గంటసేపు తిట్టుకున్నారు. ఇళ్లకి పోతేగా. ఇంత గట్టిగా, ఇంత సంతోషంగా తిట్టుకోవడం ఈ ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు. ఓడిపోయి ఇంత గాల్లో తేలిన మనిషినీ చూడలేదు, అద్దంలో తప్ప.

మీ
సుహైల్


హైఫా,
2 మార్చి 1994

అత్తయ్యా,

మీ ఊళ్లో కర్ఫ్యూ అని తెలుసు. ఇది ఎప్పుడు అందుతుందో తెలీదు.

హెబ్రోను మసీదులో నమాజు చేస్తున్నవాళ్లని సైన్యపు దుస్తుల్లో ఒక యూదు వచ్చి వెనక నుంచి కాల్చాడు. ఇరవై తొమ్మిది మంది. ఆ పేర్ల పట్టిక మా పత్రికకి నేనే కూర్చాను. ఐదేళ్లు చాలని రాసిన చేత్తో.

మెనాషే ఆ రోజు కొట్టు తెరవలేదు. మర్నాడు పైకొచ్చి మా గుమ్మంలో నుంచున్నాడు. నేను లోపలికి రమ్మనలేదు. కాసేపు నుంచుని దిగిపోయాడు.

'నేను పొరబడ్డాను' అని రాశాను. పదకొండో తారీఖు సంచికలో వస్తుంది. మీరే గెలిచారని అందులో ఉంది. చెప్పకుండా అచ్చు వెయ్యకూడదని ముందే రాస్తున్నాను.

సుహైల్


బేత్ సాహూర్,
9 మార్చి 1994

సుహైల్,

కర్ఫ్యూ రెండు గంటలు సడలించారు. రొట్టెలకి వెళ్లకుండా ఉమ్ జిర్యస్ ఇంటికెళ్లి ఫోను చేశాను. నువ్వు ఆఫీసులో లేవు. మీ ఎడిటర్‌కి చెప్పాను, ఆ వ్యాసం ఆపమని. ఆపకపోతే హైఫా వచ్చి ఆయన సోఫా మీద కూర్చుంటానని. ఎందుకో నీకు రాస్తున్నాను.

మా వీధి నుంచి ముగ్గురు రక్తం ఇవ్వడానికి పరిగెత్తారు. దారిలోనే ఆపేశారు. గంట కొట్టి, చర్చిలో ఆ చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. ఏడ్చాను. ఏడుస్తూ కూడా నాకు ఒక్కసారైనా 'చూశావా, నేను చెప్పానుగా' అనిపించలేదు. అలాంటి గెలుపు నాకు వద్దు. నువ్వు దాన్ని అచ్చు వేసి నా ఒళ్లో పెడతానంటున్నావు.

ఇంకో సంగతి. పడవలో నేను ఇటు కూర్చున్నానంటే అటు నువ్వున్నావని. నువ్వు కూడా లేచి ఇటొస్తే మునుగుతాం. నేను రాదంటూనే ఉంటాను. నువ్వు వస్తుందంటూనే ఉండు. ఇంత చదివినవాడికి ఈ చిన్న పని చేతకాదా?

మెనాషేకి చెప్పు, కొట్టు మూయొద్దని. గుమ్మంలో నుంచోకుండా లోపలికొచ్చి కూర్చోమను. నువ్వూ కూర్చోమనాలి, నోరుందిగా.

రొట్టెల వేళ అయిపోయింది. ఉమ్ జిర్యస్ రెండు ఇచ్చింది.

నీ అత్త


హైఫా,
7 జూన్ 1994

అత్తయ్యా,

మీ మాట మీద ఆ వ్యాసం చింపేశాను. మూడు నెలలుగా 'వస్తుంది' అనే రాస్తున్నాను, పళ్లు బిగించుకుని. మెనాషే రోజూ పదింటికి కాఫీకి పైకొస్తున్నాడు.

ఈ వారం మాత్రం మీరు నన్ను మెచ్చుకుంటారు. ఖైదీలని వదులుతున్నారుగా, వెళ్లే ముందు ప్రతివాడి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నారట. 'శాంతి ప్రయత్నాన్ని సమర్థిస్తున్నాను' అని. శాంతిని సమర్థించేవాణ్ణి నేను, నాకే ఒళ్లు మండింది. తాళం ఒకడి చేతిలో ఉండగా రెండోవాడు పెట్టే సంతకం ఏం సంతకం? 'ఆ కాగితం చించెయ్యండి' అని పెద్ద వ్యాసం రాశాను. గుడారాల్లో కూడా చదువుతున్నారని విన్నాను. చివరికి మనిద్దరం ఒకే వైపు వచ్చాం అత్తయ్యా.

మీ
సుహైల్


బేత్ సాహూర్,
16 జూన్ 1994

సుహైల్,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. ఐదో తారీఖునే రాశాను, అనీస్ పేరు పట్టికలో ఉందని.

మంగళవారం పేరు పిలిచారు. సామాను మూట కట్టుకున్నాడు. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. కాగితం ముందు పెట్టారు. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో పదిమందీ తీసుకున్నారు. మూటలు విప్పుకుని గుడారానికి తిరిగి వెళ్లారు. వాడి జేబులో నీ వ్యాసం ఉందట.

నేను మక్‌లూబా వండి, అన్నం కుండ పళ్లెంలోకి బోర్లించి కూర్చున్నాను. బస్సు వచ్చింది. మిగతావాళ్ల పిల్లలు దిగారు.

మనం ఒకే వైపు లేము. ఆ కాగితంలో ఏముందో నాకు అక్కర్లేదు. నా కొడుకు బయటికి రావాలి. నమ్మని మాటకి సంతకం పెడితే చెయ్యి ఏమీ అరిగిపోదు.

కొన్నాళ్లు నాకు ఉత్తరం రాయకు.

నజీహా


హైఫా,
21 జూన్ 1994

అత్తయ్యా,

రాయొద్దన్నారు. ఒక్కటి రాసి ఆపుతాను.

మీ ఐదో తారీఖు ఉత్తరం నాకు నిన్న అందింది. వాడి పేరుందని తెలిస్తే ఆ వ్యాసం రాసేవాణ్ణా అని రాత్రంతా నన్ను నేను అడుక్కున్నాను. రాసేవాణ్ణి కాదు. వేరేవాళ్ల కొడుకులకైతే రాశాను. అది తెలుసుకుని తలెత్తుకోలేకుండా ఉన్నాను.

లాయరు చేత అనీస్‌కి చీటీ పంపాను. 'బావమరిదీ, నా వ్యాసాలు జేబులో పెట్టుకోకు. సంతకం పెట్టి ఇంటికెళ్లు' అని.

సుహైల్


బేత్ సాహూర్,
4 జులై 1994

ఒరేయ్ సుహైల్,

అనీస్ వచ్చాడు.

వాడు వాకిట్లో కూర్చున్నాడు. వాడి చుట్టూ సగం ఊరుంది. నేను వంటింట్లో పీట మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి వెల్లుల్లి వాసన ఉంది, ఉత్తరానికీ అంటుతుంది. మొదటి నుంచి చెబుతాను, లేకపోతే నువ్వు మళ్లీ తప్పుగా అర్థం చేసుకుంటావు.

ఇరవై నాలుగున చూడ్డానికి వెళ్లాను. నీ చీటీ వాడికి అందింది. నేను తీగలు పట్టుకుని, "పెట్టరా సంతకం. మీ బావ కూడా పెట్టమన్నాడు. నమ్మక్కర్లేదు, రాసి పారెయ్. నేనైతే కళ్లు మూసుకుని పెట్టి వచ్చేస్తాను" అన్నాను.

వాడు ఏమన్నాడో అక్షరం పోకుండా రాస్తున్నాను. "నీకు సులువమ్మా. నువ్వు నమ్మవు. ఈ గుడారంలో నమ్మనివాళ్లు చాలామంది నిమిషంలో పెట్టి వెళ్లిపోయారు. నేను నమ్ముతున్నాను. నిజంగా నమ్ముతున్నాను. ఇక్కడే, ఈ ఇసకలో, మూడేళ్లు ఆలోచించి ఒక మాట సంపాదించుకున్నాను. దాన్ని వీళ్లు తలుపు తియ్యడానికి లంచంగా అడుగుతున్నారు. ఎలా ఇవ్వను?"

నీ వ్యాసం చదివి మొండికేశాడనుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. మనిద్దరం తొమ్మిది నెలలు పత్రికలో వాడి పేరు పెట్టి కొట్టుకున్నాం. వాడేమనుకుంటున్నాడో ఇద్దరిలో ఒక్కళ్లం అడగలేదు.

గంట కొట్టబోతున్నారు. అప్పుడు అన్నాను, "అయితే అది నీ మాటేగా. వాళ్ల కాగితం మీద ఉన్నంత మాత్రాన వాళ్లదైపోతుందా? దొంగ ఎత్తుకుపోయిన గొర్రెని నీది కాదని వదిలేస్తావా, నీదని చెవి పట్టుకుని తెచ్చుకుంటావా?"

గంట కొట్టారు.

మొన్న శనివారం రెండో బస్సు వచ్చింది. మక్‌లూబా వండలేదు, ఆశపడినట్టు ఉంటుందని. వాడు దిగాడు. సన్నబడ్డాడు, మీసాలు పెంచాడు. "పెట్టానమ్మా. కింద నా పేరు చాలా పెద్దగా రాశాను, గుమాస్తా విసుక్కున్నాడు" అన్నాడు. వీధి మధ్యలో వాడి చొక్కా పట్టుకుని ఏడ్చేశాను. ఉమ్ జిర్యస్ నన్ను లాక్కెళ్లింది.

మారానని అనుకోకు. శాంతి రాదనే అంటాను. నిన్న అన్నం దగ్గర వాడితోనే అన్నాను. వాడు వస్తుందన్నాడు. వాడి వాదన నీ వాదన కాదు, నీకన్నా నెమ్మదిగా, పట్టుగా చెబుతాడు. నీ వ్యాసాల్లో మూడు తప్పులు పట్టాడు, నా వాటిలో నాలుగు. ఒకరోజు హైఫా వచ్చి మెనాషే ఎదురుగా కూర్చుని గడ్డం గీయించుకుంటూ చెబుతాడట. పర్మిట్ రాదని నేను. వస్తుందని వాడు. చూడాలి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఈ పొద్దున వాడు మేడ మీదికెళ్లి ఎంతకీ దిగలేదు. కాఫీ తీసుకుని వెళ్లాను. ఉత్తర దిక్కుకి చూస్తూ నుంచున్నాడు. అటు మన రెండు కొండల మీద యూదుల కొత్త ఇళ్లు లేచాయి, ఎర్ర పెంకులు, ఇంకా క్రేన్లు తిరుగుతున్నాయి. వాడు వెళ్లేనాటికి అక్కడ పైన్ చెట్లు తప్ప ఏమీ లేవు.

"ఇవన్నీ ఈ మూడేళ్లలోనా?" అన్నాడు.

సుహైల్, నా మొత్తం వాదన అక్కడ ఎండలో నిలబడి ఉంది. ఒక్క మాట కూడా అక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. ముప్పై ఒక్కేళ్లు భూగోళం చెప్పినదాన్ని, ఇంత మంచి పాఠం నాకెప్పుడూ దొరకలేదు. వాడు నావైపు తిరిగాడు. నేను ఏమంటానా అని చూస్తున్నాడు.

"కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను.

ముంతహాకి, పిల్లలకి, నీకూ ముద్దులు.

మీ అత్త
నజీహా